ప్రాంతీయ ఎయిర్‌లైన్ ప్రయాణం: సీటు సంగతి సరే, రెండో విమానం ఉందా?

ప్రాంతీయ ఎయిర్‌లైన్ల మీద జనం రాసే సమీక్షల్లో ఫిర్యాదులు దాదాపు ఒకటే: విమానం చిన్నది, ప్రొపెల్లర్ మోత, పెట్టె పైఅరలో పట్టలేదు. అన్నీ నిజాలే. కానీ నలభై నిమిషాల ప్రయాణంలో ఇవేవీ భరించలేనంత కష్టాలు కావు. మార్కులు వేయాల్సిన చోటు వేరే ఉంది. దేశం లోపలి చిన్న మార్గాల మీదే బతికే ఎయిర్‌లైన్‌కు విమానాలు కొన్నే ఉంటాయి, పైలట్లు కొద్దిమందే ఉంటారు, ఒక్కో ఊరికి రోజుకు ఒకటో రెండో సర్వీసులు నడుస్తాయి. అన్నీ సవ్యంగా సాగిన రోజు పెద్ద ఎయిర్‌లైన్ కంటే సుఖంగా దింపుతుంది. ఎక్కడో ఒకచోట బెసికిందంటే మాత్రం ఎక్కించడానికి ఇంకో విమానం ఉండదు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ బెసికే రోజు గురించే.

ముందు విమానం సంగతి. ఈ మార్గాల్లో ఎక్కువగా తిరిగేవి రెండు టర్బోప్రాప్‌లు, అంటే ప్రొపెల్లర్ విమానాలు: ఏటీఆర్ 72-600, డాష్ 8 క్యూ400. జెట్లలో ఎంబ్రేయర్ 175, కొన్నిచోట్ల పాత సీఆర్‌జేలు, ఈఆర్‌జేలు. ఏటీఆర్‌లో 70 నుంచి 78 సీట్లు, వరసకు అటు రెండు ఇటు రెండు. మధ్య సీటన్నది లేదు, ఇదొక్కటే సగం మార్కులు తెచ్చిపెడుతుంది. ఏటీఆర్ వేగం గంటకు 510 కిలోమీటర్ల దరిదాపుల్లో, క్యూ400 వేగం 660 దాకా ఉంటుంది. జెట్ ఇంకా వేగమే కానీ 300 కిలోమీటర్ల దూరంలో ఆ వేగం పెద్దగా అక్కరకు రాదు. పైకెక్కడానికి, కిందికి దిగడానికే సగం సమయం పోతుంది, చివరికి మిగిలే తేడా పది నిమిషాలు. అంత దూరానికి జెట్ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. 600 కిలోమీటర్లు దాటితే ఆలోచించవచ్చు.

సీటు ఎంపికలో పెద్ద విమానాల అలవాటు ఇక్కడ పనికిరాదు. ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు వెనక, ఎడమ పక్కన ఉంటుంది. ముందున్న పెద్ద తలుపు సరుకు కోసం. కాక్‌పిట్‌కూ మొదటి వరసకూ మధ్య లగేజీ గది ఉంటుంది. అంటే డబ్బు కట్టి మరీ ముందు వరస తీసుకున్నవారు అందరికంటే ఆఖరున దిగుతారు. పైగా ప్రొపెల్లర్లు తిరిగేది క్యాబిన్ ముందు భాగానికి పక్కనే కాబట్టి, మోత, అదురు అక్కడే ఎక్కువ. వెనక వరసలు నిశ్శబ్దం, దిగడం తొందరగా అవుతుంది, కాకపోతే టాయిలెట్, గ్యాలీ (వంటగది) చాలావాటిలో అక్కడే ఉంటాయి, గాలి కుదుపుల్లో తోక భాగం పక్కలకు ఎక్కువ ఊగుతుంది. కడుపులో తిప్పే అలవాటున్నవారు రెక్క వెనక అంచు కిందికి వచ్చే వరసలు పట్టుకోవాలి. పద్దెనిమిది వరసల ఏటీఆర్‌లో అవి సుమారు 9 నుంచి 12. మోతకూ ఊపుకూ మధ్య కుదిరే రాజీ అదే. సీఆర్‌జే, ఈఆర్‌జే 145 లాంటి జెట్లలో ఇంజిన్లు తోక దగ్గరుంటాయి కనుక లెక్క తిరగబడుతుంది. అక్కడ వెనక సీటు తీసుకుంటే దిగాక కూడా చెవుల్లో హోరు పోదు.

క్యూ400లో క్యాబిన్ శబ్దాన్ని, అదురును తగ్గించే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉంది, అది పనిచేస్తుంటే తేడా తెలుస్తుంది. టర్బోప్రాప్‌లు రెండిటిలోనూ రెక్క క్యాబిన్ పైన ఉంటుంది, కాబట్టి ఏ కిటికీ నుంచైనా నేల కనిపిస్తుంది. క్యూ400లో చక్రాలు ఇంజిన్ గూటిలోకి ముడుచుకుంటాయి, ఆ పక్క సీటు దొరికితే మొత్తం తతంగం చూడవచ్చు. పిల్లలతో వెళ్లేవారికి ఇది ఉచిత వినోదం.

ఎక్కేటప్పుడు విమానం ఆగి ఉన్నా కుడివైపు ఇంజిన్ నడుస్తూ వినిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఏటీఆర్‌లో నేల మీద కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్, అంటే సహాయక పవర్ యూనిట్, విడిగా లేదు. ప్రొపెల్లర్‌కు బ్రేక్ వేసి, ఆ ఇంజిన్‌తోనే కరెంటు, ఏసీ నడిపిస్తారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. గాలి తోక వైపు నుంచి వీస్తే పొగ వాసన లోపలికి కొడుతుంది, అప్పుడు ఆపేస్తారు కూడా. ఎండాకాలం మధ్యాహ్నం గ్రౌండ్ ఏసీ యూనిట్ లేని విమానాశ్రయంలో ఇలా ఆపితే క్యాబిన్ ఆవిరి గదే. సేవలో లోపమని తిట్టుకునే వాటిలో కొన్ని ఇలా విమానం కట్టుబడిలోనే ఉన్నాయి.

ఇక సామాను. పెద్ద విమానాల పైఅరలో పట్టే 55 సెంటీమీటర్ల ట్రాలీ పెట్టె, టర్బోప్రాప్‌ల పాత క్యాబిన్లలో పట్టదు. మెట్ల దగ్గరే తీసుకుని, ట్యాగ్ కట్టి, కింద లగేజీలో వేస్తారు. దిగాక అక్కడే మెట్ల పక్కన ఇస్తారో, బెల్టు మీదకు వస్తుందో ట్యాగ్ కట్టేవారినే అడగాలి, రెండు పద్ధతులూ ఉన్నాయి. అసలు ప్రమాదం ఆలస్యం కాదు, లోపల ఉన్నది. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు లగేజీ గదిలోకి వెళ్లకూడదు. 100 వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకు చేతిలో ఉండవచ్చు, 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతితో రెండు, ఆ పైన అసలే కుదరదు. కొన్ని ఎయిర్‌లైన్ల సొంత నిబంధనలు దీనికంటే కఠినం. పవర్ బ్యాంకు మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి: 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు. పవర్ బ్యాంకు, మందులు, ల్యాప్‌టాప్, తాళాలు, కాగితాలు ఒక చిన్న గుడ్డసంచిలో వేసి ట్రాలీ పైభాగంలోనే పెట్టుకుంటే, మెట్ల దగ్గర పది సెకన్లలో ఆ సంచి లాగేసుకోవచ్చు. నిలబడి పెట్టెంతా తవ్వుతూ వెనకవాళ్లను ఆపే పరిస్థితి రాదు.

చెక్-ఇన్ చేసిన సూట్‌కేసు ఊరికి రాకపోవడం ఈ ఎయిర్‌లైన్లలో వినిపించే పెద్ద ఫిర్యాదు. చాలామంది దీన్ని నిర్లక్ష్యం కింద జమకడతారు. చాలాసార్లు అది బరువు లెక్క. ఏటీఆర్ 72-600 గరిష్ఠ టేకాఫ్ బరువు 23,000 కిలోలు. మనుషులు, సామాను కలిపి మోయగలిగింది సుమారు 7,500 కిలోలు. ఇది చల్లని రోజున, పొడవైన రన్‌వే మీద లెక్క. ఎండ పెరిగితే గాలి పలచబడుతుంది, రెక్కకు ఎత్తుబలం, ఇంజిన్‌కు శక్తి రెండూ తగ్గుతాయి. ఎత్తైన కొండ ప్రాంతమైనా అంతే, రన్‌వే పొట్టిదైతే చెప్పనక్కర్లేదు. నేపాల్‌లోని లుక్లా దీనికి చివరి హద్దు: 2,845 మీటర్ల ఎత్తు, 527 మీటర్ల రన్‌వే. దిగాల్సిన చోట వాతావరణం అనుమానంగా ఉంటే దూరంగా ఉన్న ఇంకో విమానాశ్రయానికి వెళ్లేంత ఇంధనం అదనంగా పోసుకోవాలి, అదీ బరువే. వెయ్యి కిలోలు తగ్గించాల్సి వచ్చిందనుకోండి. పదిమంది ప్రయాణికులను వాళ్ల సామానుతో సహా దించాలి, లేదా పదిహేను కిలోల పెట్టెలు అరవైకి పైగా వదిలేయాలి. ఏ ఎయిర్‌లైనైనా పెట్టెలే వదిలేస్తుంది.

కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం సర్వీసు, పొట్టి రన్‌వే, రోజుకు ఒకే విమానం, ఈ మూడూ కలిస్తే ఒక రోజుకు సరిపడా బట్టలు చేతిసంచిలో ఉండాల్సిందే. పొద్దున్నే వెళ్లే సర్వీసుకు ఈ బాధ బాగా తక్కువ. పెట్టె రాలేదని తెలిసిన వెంటనే, విమానాశ్రయం దాటకముందే, పీఐఆర్ అనే ఫిర్యాదు నమోదు చేయించి దాని నంబరు తీసుకోవాలి. ఆ ఊరికి తర్వాతి సర్వీసు రెండు రోజుల తర్వాతైతే, దగ్గరి పెద్ద విమానాశ్రయానికి వేరే ఎయిర్‌లైన్‌లో పంపి అక్కడినుంచి రోడ్డు మీద తెప్పించమని అడగండి. అడిగినవారికి చేస్తారు, అడగనివారి పెట్టె తర్వాతి సర్వీసు కోసం ఎదురుచూస్తుంది.

కొన్నిసార్లు టేకాఫ్‌కు ముందు కొందరిని ముందు వరసల నుంచి వెనక్కో, వెనకనుంచి ముందుకో మారమంటారు. అది కూడా బరువు సర్దుబాటే. వాదించడం వల్ల విమానం ఆలస్యం అవడం తప్ప లాభం లేదు. సిబ్బంది సంఖ్య చూసి తక్కువ అనుకునేవారికి ఒక మాట: చాలా దేశాల్లో 19 సీట్ల దాకా క్యాబిన్ సిబ్బంది తప్పనిసరి కాదు, ఆపైన ప్రతి 50 సీట్లకు ఒకరు. డెబ్బై సీట్లకు ఇద్దరే. ఈ విమానాల్లో తినడానికి ఏమిచ్చారన్నదానికి మార్కులు వేయడం అనవసరం.

ఇప్పుడు అసలు విషయం, వేళ. ప్రాంతీయ ఎయిర్‌లైన్‌లో ఒకే విమానం పొద్దున్నుంచి రాత్రి దాకా ఆరు నుంచి ఎనిమిది సార్లు ఎగురుతుంది. దిగి మళ్లీ ఎగరడానికి మధ్య ఇచ్చే సమయం 25, 30 నిమిషాలు. ఉదయం రెండో ట్రిప్పులో నలభై నిమిషాలు పోతే, ఆ నలభై నిమిషాలను తిరిగి సంపాదించుకునే చోటు రోజంతా ఎక్కడా లేదు. పెద్ద ఎయిర్‌లైన్ తన ప్రధాన విమానాశ్రయంలో (హబ్‌లో) అదనపు విమానం నిలబెట్టుకుంటుంది. వీళ్లకు అది చాలా ఖరీదైన విలాసం. అందుకే సాయంత్రానికి ఆలస్యం గంటన్నర అవుతుంది. అప్పుడు వేళను మళ్లీ గాడిలో పెట్టడానికి సాధారణంగా ఒక జంటను, అంటే వెళ్లడం, తిరిగి రావడం రెండిటినీ కలిపి రద్దు చేస్తారు. వేటు పడేది తక్కువమంది ఎక్కే ఊరి మీద.

దీనికి తోడు గడియారాలు మరో రెండున్నాయి. ఒకటి విమానాశ్రయానిది. చిన్న విమానాశ్రయాల్లో కంట్రోల్ టవర్ పనివేళలు పరిమితం, కొన్నిచోట్ల రన్‌వే లైట్లే ఉండవు. సాయంత్రం ఆరింటికి మూసేసే చోటుకు ఐదున్నర సర్వీసు గంట ఆలస్యమైతే అది ఆలస్యం కాదు, రద్దు. రెండోది పైలట్లది. ఎక్కువసార్లు ఎగిరేకొద్దీ డ్యూటీ సమయం తగ్గుతుంది. యూరప్ నిబంధనల్లో పగటిపూట మొదలయ్యే డ్యూటీ ఒకటి రెండు సెక్టార్లకు (ఒకసారి ఎగిరి దిగడం ఒక సెక్టార్) 13 గంటలు, ఆపైన ప్రతి సెక్టార్‌కు అరగంట కోత. ఆరు సెక్టార్లంటే 11 గంటలే. ఉదయం ఆరుకు వచ్చిన పైలట్లు మామూలుగా సాయంత్రం ఐదుకల్లా చివరి సెక్టార్ ముగించాలి. వేరే జంట పైలట్లు ఆ ఊళ్లో ఉండరు. ‘సాంకేతిక కారణాలు’ అని ప్రకటించే రద్దుల వెనక ఉండే కథ కొన్నిసార్లు ఇదే.

ప్రయాణికుడు చేయగలిగింది ఏమిటంటే, బోర్డును నమ్మకుండా విమానాన్ని చూడటం. బయలుదేరే రోజు ఉదయం ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో సర్వీసు నంబరు కొట్టి, దానికి కేటాయించిన విమానం రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోండి. తర్వాత ఆ రిజిస్ట్రేషన్‌నే వెతికితే అది పొద్దున్నుంచి ఎక్కడెక్కడ తిరిగిందో, ఎంత వెనకబడిందో కనిపిస్తుంది. అది ఎక్కడో 300 కిలోమీటర్ల అవతల ఇంకా నేల మీదే ఉంటే, ఎగరడానికి నలభై నిమిషాలు, ఇక్కడ దించి ఎక్కించడానికి పాతిక, మొత్తం గంటకు పైనే. బోర్డు మీద ‘ఆన్ టైమ్’ అని వెలుగుతున్నా సరే. మధ్యలో విమానం మార్చవచ్చు కాబట్టి, కౌంటర్ వేళకు చేరుకోవడం మాత్రం మానకండి.

మొదటి సర్వీసు తీసుకోమనే సలహా అందరూ ఇస్తారు. రాత్రి ఆ ఊళ్లోనే నిలిపి ఉంచిన విమానం అయితేనే అది సరైన సలహా. పొద్దున వేరే చోటినుంచి రావాల్సిన విమానమైతే, అక్కడి పొగమంచు బాధ కూడా మీదే. పొగమంచు కాలంలో ఇంకో చిక్కు ఉంది. ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో విమానానికి దారి చూపించి దింపే వ్యవస్థ) ఉన్న రన్‌వేలో మామూలు స్థాయి, అంటే క్యాటగిరీ-1 అయితే, 550 మీటర్ల దూరం కనిపిస్తే దిగవచ్చు. ఐఎల్ఎస్ లేని చిన్న విమానాశ్రయాల్లో ఒకటిన్నర కిలోమీటరో, పూర్తిగా కంటిచూపు మీదే దిగే చోట ఐదు కిలోమీటర్లో కావాలి. పొగమంచు కాలంలో అలాంటి ఊరికి ఆరున్నర సర్వీసు కంటే పదిన్నర సర్వీసు మేలు.

కుదుపుల గురించి కూడా నిజం చెప్పుకోవాలి. జెట్లు 35,000 అడుగుల పైన మబ్బులను దాటి పోతాయి. టర్బోప్రాప్‌ల గరిష్ఠ ఎత్తు సాధారణంగా 25,000 అడుగులు, చిన్న మార్గాల్లో 17,000 దగ్గరే నడుస్తాయి. అంటే వాతావరణం పైనుంచి కాదు, మధ్యలోంచి వెళ్లాలి. ఉరుముల మబ్బులను చుట్టి వస్తారు కాబట్టి సమయం పెరుగుతుంది. బెల్టు లైటు ఆరినా బెల్టు తీయకండి. రెక్క ముందంచున నల్లటి రబ్బరు పట్టీ కనిపిస్తుంది, అది లోపలికి గాలి నింపుకుని ఉబ్బి పేరుకున్న మంచును పగలగొడుతుంది. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 మంచు పేరుకుని కూలి 68 మంది చనిపోయిన తర్వాత ఈ పట్టీలను వెడల్పు చేశారు.

భద్రత విషయంలో విమానం రకం కంటే నడిపేవారే ముఖ్యం. పేరు తెలియని ఎయిర్‌లైన్ అయితే రెండు చోట్ల చూడటం ఐదు నిమిషాల పని: ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐయాటా ప్రచురించే ఐఓఎస్ఏ భద్రతా ఆడిట్ జాబితా, యూరోపియన్ యూనియన్ 2006 నుంచి ప్రకటిస్తున్న నిషేధిత ఎయిర్‌లైన్ల జాబితా. మొదటిదాంట్లో లేకపోవడం నేరమేమీ కాదు, చాలా చిన్నవాళ్లు ఆ ఆడిట్‌కు వెళ్లరు. రెండోదాంట్లో పేరుంటే మాత్రం రైలు చూసుకోవడం మంచిది.

టికెట్ కొనేటప్పుడు అమ్మేవారి పేరు కాదు, నడిపేవారి పేరు చూడాలి. ‘ఆపరేటెడ్ బై’ అనే చిన్న అక్షరాల వాక్యం కింద ఉంటుంది. పెద్ద ఎయిర్‌లైన్ నంబరుతో కొన్నా చిన్న విమానమే వస్తుంది. ఇది మోసం కాదు, నిజానికి ఈ ఏర్పాటు ఉన్న ప్రాంతీయ ఎయిర్‌లైన్‌కే ఎక్కువ మార్కులు వేయాలి. ఒకే టికెట్ మీద ముందు చిన్న విమానం, తర్వాత పెద్ద విమానం ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా ఇంకోదాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లది. సూట్‌కేసు చివరి ఊరిదాకా నేరుగా వెళ్తుంది. ట్యాగ్ మీద మూడక్షరాల కోడ్ చివరి ఊరిదేనా అని కౌంటర్ దగ్గరే చూసి ఫోటో తీసుకోండి. విడివిడి టికెట్లు కొంటే ఈ రక్షణ ఏదీ ఉండదు. అప్పుడు మధ్యలో కనీసం నాలుగు గంటలు పెట్టుకోవాలి, ఆ రోజు చివరి సర్వీసును నమ్ముకోకూడదు.

చక్రాల కుర్చీ అవసరమైనవారు 48 గంటల ముందే చెప్పి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకోవాలి. చిన్న విమానాశ్రయంలో ఏరోబ్రిడ్జ్ ఉండదు, ర్యాంపో లిఫ్టో ఉందో లేదో విమానాశ్రయాన్నే విడిగా అడగాలి. బ్యాటరీతో నడిచే కుర్చీ అయితే కొలతలు, బరువు, బ్యాటరీ రకం ముందే పంపండి, లగేజీ తలుపులో పట్టకపోతే ఆ రోజు చేసేదేమీ ఉండదు.

ఎంత ముందుగా కొనాలన్నది ఈ ఎయిర్‌లైన్ల విషయంలో వేరే ప్రశ్న. ఇలాంటి మార్గాల్లో చాలా ప్రభుత్వ సాయంతో నడుస్తాయి: అమెరికాలో 1978 నుంచి ఉన్న ఎసెన్షియల్ ఎయిర్ సర్వీస్, యూరప్‌లో పీఎస్ఓ (ప్రజాసేవ బాధ్యత) ఒప్పందాలు, భారత్‌లో 2016లో ప్రకటించిన ఉడాన్. ఉడాన్‌లో ఒక మార్గానికి సాయం మూడేళ్లు, యూరప్‌లో పీఎస్ఓ ఒప్పందం సాధారణంగా నాలుగేళ్లకు మించదు. గడువు తీరే నెలల తర్వాతి తేదీకి టికెట్ కొంటే సర్వీసే లేకుండా పోవచ్చు. ఎయిర్‌లైనే మూతపడటమూ వింత కాదు. బ్రిటన్‌లో ఫ్లైబీ 2020 మార్చిలో ఒకసారి, మళ్లీ మొదలై 2023 జనవరిలో ఇంకోసారి ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో రెక్స్ పెద్ద నగరాల మధ్య బోయింగ్ 737 జెట్లు ప్రవేశపెట్టి, 2024 జూలైలో దివాలా పరిష్కారానికి వెళ్లింది. ఆగినవి ఆ జెట్లు, చిన్న ఊళ్ల మధ్య తిరిగే సాబ్ 340 టర్బోప్రాప్‌లు ఎగురుతూనే ఉన్నాయి. చిన్న మార్గాల ఎయిర్‌లైన్ ఒక్కసారిగా పెద్ద విమానాల ప్రకటనలు మొదలుపెడితే, ఆరు నెలల తర్వాతి టికెట్ కొనడానికి కొంచెం ఆగడమే తెలివి. కొనాల్సి వస్తే క్రెడిట్ కార్డు మీద కొనండి. సేవ అందకపోతే బ్యాంకును చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడగవచ్చు.

రద్దయితే వచ్చే పరిహారం దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో ప్రయాణికుల హక్కులను చెప్పే 261/2004 నిబంధన దేశీయ సర్వీసులకూ వర్తిస్తుంది. వాతావరణం కారణమైతే పరిహారం రాదు, కానీ భోజనం, బస, డబ్బు వాపసో మరో విమానమో ఇవ్వాల్సిందే. కౌంటర్‌లో ‘వాతావరణం’ అన్న మాట వినగానే చాలామంది ఏమీ అడగకుండా వెళ్లిపోతారు. కారణం రాసివ్వమని అడగండి. దేశీయ విమానం అంతర్జాతీయ ప్రయాణంలో భాగంగా ఒకే టికెట్ మీద ఉంటే, దానికి కూడా ఎయిర్‌లైన్ల బాధ్యతను నిర్ణయించే 1999 మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం వర్తిస్తుంది. సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా 2024 డిసెంబరు 28 నుంచి పరిహార పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కకు వాడే యూనిట్). పెట్టె పగిలి వస్తే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పీఐఆర్ రాయించాం కదా అని ఊరుకుంటే సరిపోదు. ఆ నంబరు వేసి, కొన్న వస్తువుల రసీదులు జతచేసి, గడువులోగా ఎయిర్‌లైన్‌కు విడిగా ఇంకో ఉత్తరం రాయాలి.